ఫీజు పాఠానికే, కంపోజింగ్ ఉచితం: వరంగల్ డ్యాన్స్ మాస్టర్ల లెక్క

డిసెంబరు వచ్చిందంటే హనుమకొండ, కాజీపేట, వరంగల్ ప్రైవేటు స్కూళ్లలో యానివల్ డే హడావుడి మొదలవుతుంది. మధ్యాహ్నం మూడింటికి గ్రౌండ్‌లో స్పీకర్ పెట్టి ఒకే పాటను పదేపదే వేస్తుంటారు. ముందు నిలబడి చూపించే మనిషిని పిల్లలు మాస్టర్ అనో మేడం అనో పిలుస్తారు. ఆ గంటలో ఆ మనిషి చేసే పనులు మూడు. తాను ఆడి చూపించాలి. అడుగు పడని పిల్లలకు పడేదాకా నేర్పాలి. పాటలో ఎక్కడ ఏ స్టెప్పు రావాలో, ఎవరు ఏ వరుసలో ఉండాలో, ఎవరు ఎటు నుంచి వచ్చి ఎటు వెళ్లాలో ముందే కట్టి పెట్టుకోవాలి, దీన్నే కంపోజింగ్ లేదా కొరియోగ్రఫీ అంటారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ప్రిన్సిపాల్ అడిగేది ఒక్కటే: "ఐటంకు ఎంత?"

నృత్య కళాకారుల జీవితాన్ని మామూలుగా మూడు మెట్లుగా చెబుతుంటారు. వయసులో ఉన్నప్పుడు ఆడతారు, అనుభవం వచ్చాక కొరియోగ్రఫీ చేస్తారు, మోకాళ్లు సహకరించనప్పుడు గురువులవుతారు. చెన్నై, ఢిల్లీల్లో పెద్ద బృందాల్లో ఉన్నవాళ్లకు ఇది కొంతవరకు సరిపోతుందేమో. వరంగల్‌లో వరుస తిరగబడి ఉంటుంది. ఇక్కడ నేర్పడమే ముందు. ఆ ఫీజుతోనే ఆడే ఖర్చు గడుస్తుంది. కొరియోగ్రఫీ ఆ రెండింటి మధ్యలో, ఎవరూ విడిగా లెక్కపెట్టకుండా, మొదటి రోజు నుంచీ జరుగుతూనే ఉంటుంది. ఈ రంగంలోని ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఆ లెక్కపెట్టకపోవడమే.

వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. ఇలాంటి ప్రభుత్వ కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా ఉంటాయి. పాఠాలు సాయంత్రం పూట కాబట్టి బడికీ కాలేజీకీ వెళ్తూనే నేర్చుకోవచ్చు. సర్టిఫికెట్ చేతికి వచ్చే సమయానికి విద్యార్థికి పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్లుంటాయి. అప్పటికే గురువు గారు "చిన్న బ్యాచ్‌ను నువ్వు చూసుకో" అని అప్పగించి ఉంటారు. పక్కింటి వాళ్లు తమ పాపకు రెండు అడుగులు నేర్పమని అడిగి ఉంటారు. ఏడాది తిరిగేసరికి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో మేడ మీదనో పదిమంది చేరతారు. ఎవరూ ఇది నా వృత్తి అని నిర్ణయించుకుని మొదలుపెట్టరు. అది దానంతట అదే మొదలవుతుంది.

ప్రదర్శనల సంగతి వేరు. భద్రకాళి గుడి నవరాత్రులు, వేయిస్తంభాల గుడి శివరాత్రి, వినాయక మండపాలు, బతుకమ్మ వేదికలు ఏడాది పొడవునా ఆడే చోట్లే. కానీ ఈ వేదికల మీద ఎక్కువసార్లు దక్కేది శాలువా, మెమెంటో, ప్రసాదం. కాస్ట్యూమ్ అద్దె, మేకప్, ఆటో ఖర్చు ఆడేవాళ్ల మీదే. బృందంలో పిల్లలుంటే వాళ్ల తల్లిదండ్రుల మీద. ఎక్కువ ప్రదర్శనలిచ్చే కళాకారుడు ఎక్కువ ఖర్చు పెట్టే కళాకారుడన్న మాట. ఆ లోటు పూడ్చేది క్లాసు ఫీజు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక మేడం దగ్గర 40 మంది పిల్లలు, నెలకు 700 రూపాయల ఫీజు అనుకుంటే 28,000 వస్తుంది. హాలు అద్దె 6,000 పోతే 22,000. మార్చిలో పరీక్షలని సగంమంది మానేస్తారు, మేలో సమ్మర్ క్యాంప్ అని కొత్తవాళ్లు వస్తారు, జూన్‌లో యూనిఫాంలు, పుస్తకాల ఖర్చులని మళ్లీ పలచబడతారు. పదో తరగతిలోకి రాగానే దాదాపు అందరూ ఆపేస్తారు. ఆరేడేళ్లు నేర్పి, ఇప్పుడిప్పుడే బృందంలో నిలబెట్టదగ్గ స్థాయికి వచ్చిన పిల్ల సరిగ్గా అప్పుడే ఐఐటీ కోచింగ్‌కు వెళ్లిపోతుంది. జిల్లా కేంద్రాల్లో మంచి నృత్య రూపకాలు తక్కువగా రావడానికి ప్రతిభ లేకపోవడం కంటే ఇదే పెద్ద కారణం అనిపిస్తుంది. కొరియోగ్రాఫర్ చేతిలో ఎప్పుడూ పద్నాలుగేళ్ల లోపు శరీరాలే ఉంటాయి.

ఆడటం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదన్న సంగతి మొదటి బ్యాచ్‌లోనే తెలుస్తుంది. ఆడేవాళ్లకు అడుగు ఒంట్లో ఉంటుంది, దానికి మాట అవసరం లేదు. నేర్పేవాళ్లు దాన్ని నోట్లోకి తెచ్చుకోవాలి. పిల్లలకు ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. కాబట్టి మాస్టర్ తాను ఎడమ చెయ్యి ఎత్తుతూ "కుడి" అని చెప్పడం అలవాటు చేసుకోవాలి, లేదా వీపు తిప్పి ఆడి, వెనక ఎవరు తప్పు చేస్తున్నారో చూడలేకపోవాలి. శాస్త్రీయ నృత్యంలో అయితే నట్టువాంగం ఉంది. తాళాలు పట్టి, జతులు (అడుగులకు తగ్గ తాళపు మాటలు) చెబుతూ, కాళ్లతో చేసిన పని అంతా చేతులతో, గొంతుతో చేయాలి. ఆడటంలో దిట్టలైన చాలామంది దీన్ని ఆలస్యంగా మొదలుపెడతారు. రంగప్రవేశానికి, అంటే శిష్యురాలి తొలి పూర్తి ప్రదర్శనకు, హైదరాబాద్ నుంచి నట్టువాంగం చేసేవాళ్లనూ, పాడేవాళ్లనూ, మృదంగం వాళ్లనూ పిలిపిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఊళ్లో జరిగే కార్యక్రమాలు ఎక్కువగా రికార్డు ట్రాక్ మీదే నడుస్తాయి. ట్రాక్ మీద ఆడటానికి అలవాటు పడిన పిల్లకు గురువు గొంతును బట్టి ఆగడం, సాగడం తెలియదు. ఇది ఒక తరంలో పోయే నష్టం కాదు, ఆ పిల్ల రేపు తానే నేర్పేటప్పుడు బయటపడుతుంది.

కంపోజింగ్ మూడో విద్య. ఇందులో ఆడే శరీరం తనది కాదు, నేర్పే పాఠం కూడా ఒకరికి కాదు. ఇరవై మందిని ఒక చదరంగా చూడగలగాలి. ఫంక్షన్ హాల్ స్టేజీ వెడల్పు ఎంతో తెలిసి, రెండు వైపులా పూల కుండీలు, మధ్యలో దీపపు స్తంభం, వెనక ఫ్లెక్సీ పోను మిగిలిన చోటులో ఆట కట్టాలి. ఇక్కడ ఒక చిన్న రహస్యం కూడా ఉంది. యానివల్ డే నృత్యాల్లో వరుసలు నిమిషానికోసారి ఎందుకు మారతాయని ఎవరికైనా అనుమానం వస్తే, జవాబు కళకు సంబంధించింది కాదు. ప్రతి తల్లిదండ్రికీ తమ పిల్ల ముందు వరుసలో ఉన్న వీడియో కావాలి. నాలుగు నిమిషాల పాటలో ఇరవై మందిని వంతులవారీగా ముందుకు తెచ్చి, ఎవరూ ఎవరినీ గుద్దుకోకుండా వెనక్కి పంపడం చిన్న పనేమీ కాదు. ఆ పని వచ్చినవాళ్లకు బృంద నృత్యంలో సగం వచ్చినట్టే.

ఒక చోట శిల్పం, ఒక చోట పుస్తకం

ఉత్తర తెలంగాణలో కొరియోగ్రఫీ విలువ ఏమిటో చెప్పడానికి పేరిణిని మించిన ఉదాహరణ లేదు. ఇవాళ ప్రభుత్వ వేడుకల్లో, కాకతీయ ఉత్సవాల్లో, స్కూలు ఫంక్షన్లలో కనిపించే పేరిణిని అందరూ కాకతీయుల కాలపు నృత్యం అంటారు. అది సగమే నిజం. కాకతీయ రాజు గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళపతి) జాయప సేనాని రాసిన నృత్త రత్నావళిలో పేరిణి ప్రస్తావన ఉంది. 1253-54 ప్రాంతంలో పూర్తయిన ఆ సంస్కృత గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు మార్గ (శాస్త్రోక్తమైన) పద్ధతికి, చివరి నాలుగు దేశి (ప్రాంతీయ) పద్ధతికి. పేరిణి దేశి వైపు వస్తుంది, కోలాటం కూడా. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి గోడల మీద, స్తంభాల మీద నర్తకులూ మద్దెలవాళ్లూ ఉన్నారు. ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. పుస్తకం ఉంది, శిల్పం ఉంది. ఆట మాత్రం తరం నుంచి తరానికి చేతులు మారుతూ రాలేదు.

దాన్ని తిరిగి నిలబెట్టింది నటరాజ రామకృష్ణ (1923-2011). పుస్తకం అడుగు పేరు చెబుతుంది, లక్షణం చెబుతుంది, కానీ ఆ అడుగు ఎంత వేగంతో పడుతుందో చెప్పదు. శిల్పం ఒక భంగిమను చూపిస్తుంది, కానీ దాని ముందు క్షణంలో కాలు ఎక్కడుందో, తర్వాత ఎటు వెళ్తుందో చూపించదు. రాతిలో ఆగిపోయిన రెండు భంగిమల మధ్య నడకను ఎవరో ఒకరు కట్టాలి. ఘర్ఘర అంటే కాలి గజ్జెల మీద పట్టు, ఒక్క మువ్వ మోగించాలన్నా అన్నీ మోగించాలన్నా ఆడేవాడి అదుపులో ఉండాలి. ఆ మాట గ్రంథాల్లో ఉంది. దాన్ని పద్దెనిమిదేళ్ల కుర్రాడి చీలమండలోకి ఎక్కించే సాధన గ్రంథంలో లేదు. ఆ ఖాళీలన్నీ పూరించింది ఒక ఇరవయ్యో శతాబ్దపు నాట్యాచార్యుడు. ఇలా చెబితే పేరిణి గౌరవం తగ్గుతుందని కొందరు జంకుతారు. నిజానికి తగ్గేది పేరిణి గౌరవం కాదు. కొరియోగ్రాఫర్ చేసిన పని అంతా "ప్రాచీనం" అన్న మాట కింద కనిపించకుండా పోతోంది, అదీ అసలు నష్టం.

ఆయన గురువు కూడా కాబట్టే ఆ పని నిలిచింది. కట్టినదాన్ని శిష్యులకు ఎక్కించారు, శిష్యులు వరంగల్, హైదరాబాద్, కరీంనగర్‌లలో తమ శిష్యులకు ఎక్కించారు. 1992లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రాష్ట్రం వచ్చాక పేరిణికి గిరాకీ పెరిగింది. గిరాకీతో పాటే కొత్త చిక్కు వచ్చింది. మొదట మగవాళ్ల వీర నృత్యంగా కట్టిన ఆటలోకి ఆడపిల్లలు వచ్చారు, పేరిణి లాస్యం అన్న పేరూ వచ్చింది. క్లాసుల్లో ఎక్కువమంది ఆడపిల్లలే కాబట్టి ఇది జరిగి తీరేదే. అరగంట సాగాల్సిన ఆటను మంత్రి గారి రాక కోసం ఆరు నిమిషాలకు కుదించమంటారు. ఏది తీసేయాలి, ఏది ఉంచాలి అన్నది ఒక మాస్టర్ ముందు రోజు రాత్రి తేల్చుకుంటాడు. మేళప్రాప్తి అనే భాగం ఉంచి గీతం అనే భాగం తీసేస్తే అది పేరిణేనా? ఈ ప్రశ్నకు రాతలో జవాబు లేదు. ఆ ఆరు నిమిషాలు యూట్యూబ్‌లోకి ఎక్కి, మరో పది స్కూళ్లకు పాఠం అవుతాయి. ఇప్పుడు వ్యాపిస్తున్న పేరిణిలో కొంత ఇలాంటి కుదింపుల నుంచి పుట్టిందే.

ఇదే ప్రాంతం నుంచి వెళ్లిన ఇద్దరి ప్రయాణం మరో సంగతి చెబుతుంది. రాజారెడ్డి, రాధారెడ్డి పాత ఆదిలాబాద్ జిల్లా పల్లెల వాళ్లు. కూచిపూడి కోసం ఏలూరులో వేదాంతం ప్రహ్లాద శర్మ దగ్గరికి వెళ్లారు. అక్కడి నుంచి ఢిల్లీ వెళ్లి మాయారావు దగ్గర కొరియోగ్రఫీ చదివారు. మాయారావు సోవియట్ దేశంలో ఆ విద్య నేర్చుకుని వచ్చి, మన దేశంలో కొరియోగ్రఫీని ఒక చదువుగా మొదలుపెట్టినవారు. నాట్యం నేర్చుకున్న తర్వాత ఆట కట్టడాన్ని మళ్లీ విడిగా నేర్చుకోవాలన్న ఆలోచన అప్పటికి తెలుగువాళ్లలో కొత్త. మన దగ్గర నాట్యాచార్యుడు అన్న ఒక్క మాటలోనే అంతా ఇమిడి ఉండేది. ఆ దంపతులు కూచిపూడిని జంటగా ఆడే ఆటగా మలిచారు, 1976లో ఢిల్లీలో నాట్య తరంగిణి పెట్టారు, 1984లో పద్మశ్రీ, 2000లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆదిలాబాద్ నుంచి బయల్దేరినవాళ్లకు కొరియోగ్రాఫర్లన్న పేరు ఢిల్లీలో వచ్చింది. అక్కడ ప్రేక్షకులు, గ్రాంట్లు, రాయబార కార్యాలయాలు, రాసే విమర్శకులు ఉన్నారు. నేర్పడానికి ఊరు చాలు. కట్టినదానికి పేరు రావాలంటే అది చూసి మాట్లాడేవాళ్లు కావాలి. వరంగల్ దినపత్రికల్లో నృత్య కార్యక్రమాల మీద వచ్చే వార్తలో ముఖ్య అతిథి పేరు, జ్యోతి ప్రజ్వలన, "చిన్నారుల నృత్యాలు అలరించాయి" ఉంటాయి. ఆ నృత్యం ఎవరు కట్టారో, అందులో కొత్తేమిటో ఉండదు.

కోలాటం మాస్టర్లు

పట్టణం దాటితే కనిపించే మనిషి కోలాటం మాస్టర్. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఎక్కువమందికి ఆట నేర్పుతున్నది బహుశా ఇతనే, కానీ కొరియోగ్రాఫర్ల జాబితాలో ఇతని పేరు ఎవరూ వేయరు. శ్రీరామనవమికో, గుడి ప్రతిష్ఠకో ముందు ఊరి మహిళలు జట్టుకట్టి మాస్టర్‌ను పిలిపిస్తారు. పొలం పనులు, వంటలు అయ్యాక రాత్రి ఎనిమిదికి గుడి ముందు లైటు వేసి మొదలుపెడతారు. నెల, నెలన్నర రోజులు నేర్పుతాడు. మొత్తానికి ఇంత అని మాట్లాడుకుంటారు, చివరి రోజు బట్టలు పెడతారు. ఒకే రంగు చీరలు కట్టుకుని ఇరవై, ముప్పై మంది ఊరేగింపులో ఆడతారు. ఇంతకుముందు ఎన్నడూ ఆడని నలభై ఏళ్ల ఆడవాళ్లకు తాళ్లు పట్టుకుని ఆడే జడ కోలాటం అల్లడం, చిక్కు విప్పడం నేర్పించడం ఎంత ఓపికతో కూడిన పనో చూసినవాళ్లకే తెలుస్తుంది.

దీనికి ముందున్న పద్ధతి చిరుతల రామాయణం పంతులుది. ఊళ్లో రైతులు, కూలీలు, చేతివృత్తుల వాళ్లు వేషాలు పంచుకుని నెలల తరబడి రాత్రిళ్లు నేర్చుకునేవాళ్లు. పాట, అడుగు, చిరుతల దెబ్బ అన్నీ ఒక్క గురువు నోటి నుంచే. ఇక్కడ నేర్పడం, కట్టడం అన్న తేడాయే లేదు. ఫీజు కూడా ఒకరి దగ్గర వసూలు చేసేది కాదు, ఊరు ఇచ్చేది. ఆ లెక్క యానివల్ డే లెక్క కంటే న్యాయంగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఊరు గంటలకు కాకుండా తయారైన ఆటకు డబ్బులిచ్చింది.

చిందు యక్షగానంలో వయసు లెక్క మరింత తేటగా ఉంటుంది. చిన్నప్పుడు బాలవేషాలు, వయసులో రాజు, రాణి వేషాలు, కాళ్లు బరువెక్కాక పక్కకు వచ్చి తాళం, వంత, కథ నడపడం. రంగం మధ్య నుంచి రంగం పక్కకు జరగడమే పదోన్నతి. ఎవరూ రిటైర్ కారు. జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆసిఫాబాద్ జిల్లా మర్లవాయికి చెందిన కనక రాజు గుస్సాడీ గురువుగా 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. గుస్సాడీ గోండుల నృత్యం, దీపావళి రోజుల్లో వాళ్లు జరుపుకునే దండారి పండగలో ఆడేది. దాన్ని ఢిల్లీ వేదికల దాకా తీసుకెళ్లాలంటే, రాత్రంతా సాగే ఆట నుంచి కొన్ని నిమిషాలు ఎంచుకోవాలి, గుండ్రంగా తిరిగేదాన్ని ఒక వైపు కూర్చున్న ప్రేక్షకుడికి కనిపించేలా విప్పాలి. అదీ కొరియోగ్రఫీయే, ఆ మాట ఎవరూ వాడకపోయినా.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఉద్యమకాలంలో ఎంతోమంది ఆట, పాట వచ్చినవాళ్లను వేదిక ఎక్కించింది. రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు నెలజీతం దొరికింది. ఆడేవాళ్లకు నెలనెలా జీతమన్నది ఇక్కడ అరుదు కాబట్టి ఇది చెప్పుకోదగ్గ మార్పే. అయితే అక్కడి పని ప్రధానంగా పథకాల ప్రచారం. పథకం మారితే పాట మారుతుంది, ఆట కూడా మారాలి. కొత్తది కట్టగలిగినవాళ్లకు అక్కడ పని తెగదు, కానీ ఆ కట్టే పనికి జీతంలో వేరే గీత లేదు.

కాజీపేట నుంచి సికింద్రాబాద్

సినిమా దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అది అందరికీ తెలిసిందే. ఈటీవీలో 2009లో ఢీ డ్యాన్స్ షో మొదలయ్యాక జిల్లాల కుర్రాళ్లకు ఆ దారి కళ్లకు కట్టినట్టు కనిపించింది. గ్రూప్ డ్యాన్సర్, అసిస్టెంట్, మాస్టర్ అన్నవి అక్కడి మెట్లు. యూనియన్ కార్డు లేనిదే పెద్ద షూటింగుల్లో నిలబడలేరు, కార్డుకు కట్టాల్సిన డబ్బు చిన్నది కాదు. కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ చేరి, షూటింగ్ చూసుకుని, శని ఆదివారాలు ఇక్కడి క్లాసులకు తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. అసిస్టెంట్‌గా ఉన్న ఏళ్లలో స్టెప్పు వీళ్లు కట్టినా పేరు మాస్టర్‌ది. తర్వాత తాము మాస్టర్లయితే అదే పద్ధతి తామూ పాటిస్తారు.

పేరు దక్కని ఈ కష్టం పై స్థాయిలోనూ ఉంది. నాటు నాటుకు 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు దాన్ని అందుకున్నది సంగీత దర్శకుడు, పాట రాసిన చంద్రబోస్. చంద్రబోస్‌ది పాత వరంగల్ జిల్లా చల్లగరిగ కాబట్టి ఇక్కడ పండగ చేసుకున్నారు, చేసుకోవాల్సిందే. కానీ ప్రపంచమంతా అనుకరించింది ప్రేమ్ రక్షిత్ కట్టిన ఆ అడుగుల్ని. ఆయనకు ఇవ్వడానికి ఆస్కార్‌లో విభాగమే లేదు. నృత్య దర్శకత్వానికి ఆ అవార్డు ఇచ్చింది 1935, 36, 37 సినిమాలకే, తర్వాత ఎత్తేశారు. మన జాతీయ అవార్డుల్లోనూ కొరియోగ్రఫీ విభాగం 1991 సినిమాల నుంచే ఉంది.

కట్టినదానికి హక్కు ఉందా? ఉంది. 1957 కాపీరైట్ చట్టం నాటక రచన అన్న మాటలోనే నృత్య రూపకల్పనను కూడా చేర్చింది. ఒక షరతు ఉంది: అది రాతలోనో మరో విధంగానో స్థిరపడి ఉండాలి. నోటితో చెప్పి, ఆడి చూపించి వదిలేసినదానికి రక్షణ లేదు. విడి అడుగులకూ, తరతరాల నుంచి వస్తున్న బతుకమ్మ, కోలాటం ఆటలకూ ఎవరూ హక్కుదారులు కారు. వాటితో కట్టిన ఒక ప్రత్యేకమైన అమరిక మాత్రం కట్టినవాళ్లది. నెలజీతం మీద స్కూల్లో పనిచేస్తూ కడితే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు స్కూలుది. ఐటంకు ఇంతని మాట్లాడుకుని బయటి నుంచి వచ్చి కడితే హక్కు మాస్టర్‌దే. ఈ తేడా తెలిసిన మాస్టర్లు చాలా తక్కువ. 2009లో సుప్రీంకోర్టు కన్నడ రచయిత శివరామ కారంత్ కొత్తగా తీర్చిదిద్దిన యక్షగాన ప్రయోగాల మీద, ఆయన వీలునామాతో హక్కు పొందిన వారసురాలి వైపు తీర్పు ఇచ్చింది. సంప్రదాయ కళ మీద ఆధారపడినా, అందులో ఒక మనిషి చేర్చినది ఆ మనిషి ఆస్తి అవుతుందన్నది దాని సారం. యక్షగానానికి వర్తించేది పేరిణి రూపకానికి ఎందుకు వర్తించదు?

ఆచరణలో చేయగలిగేవి చిన్న పనులే. జతులు, వరుసల బొమ్మలు, పాట నిమిషాల లెక్క ఒక నోటు పుస్తకంలో రాసి తేదీ వేయడం, రిహార్సల్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒకే కెమెరాతో తీసి పెట్టుకోవడం, స్కూలుకు ఇచ్చే కాగితంలో నేర్పినందుకు ఇంత, కట్టినందుకు ఇంత అని రెండు గీతలు వేయడం. రెండో గీత చూసి మొదట్లో ప్రిన్సిపాల్ మొహం చిట్లిస్తారు. అయినా అదే ఐటంను మరుసటి ఏడాది మరో బ్రాంచిలో ఆడించాలన్నప్పుడు మాట్లాడటానికి అది ఒక్కటే ఆధారం.

పన్ను చట్టం ఈ విషయంలో వింతగా గీత గీసింది. శాస్త్రీయ, జానపద కళల్లో ఒక ప్రదర్శనకు కళాకారుడు తీసుకునే పారితోషికం లక్షన్నర రూపాయలు దాటకపోతే జీఎస్టీ లేదు. సినిమా పాటల డ్యాన్స్‌కు ఆ వెసులుబాటు లేదు. వరంగల్ స్థాయిలో ఏడాదికి 20 లక్షల జీఎస్టీ పరిమితి దాటేవాళ్లు అరుదు కాబట్టి ఈ గీత ఎవరినీ పెద్దగా తాకదు. కానీ సంగీత్‌లో పెళ్లివాళ్లకు స్టెప్పులు నేర్పే పనిని చట్టం ఏ కంటితో చూస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. ఊళ్లో మాస్టర్లకు కొద్దిరోజుల్లో నాలుగు రాళ్లు వచ్చేది ఆ సంగీత్‌లతోనే.

చదువు వైపు కూడా కొన్ని తలుపులున్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నృత్యంలో పీజీ ఉంది, యూజీసీ నెట్‌లో పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సబ్జెక్టు ఉంది. సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో కూచిపూడిని ఐచ్ఛికంగా తీసుకోవచ్చు, కానీ తీసుకునే పిల్లలుంటేనే టీచర్ ఉద్యోగం ఉంటుంది, ఎంపీసీ, బైపీసీల ఊళ్లో ఆ పిల్లలు దొరకరు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఆపై వయసు వాళ్లకు జూనియర్ ఫెలోషిప్ 10,000, నలభై దాటినవాళ్లకు సీనియర్ ఫెలోషిప్ 20,000. ఫెలోషిప్‌కు పరిశోధన ప్రతిపాదన రాయాలి. కోలాటం మాస్టర్ దగ్గర చెప్పడానికి ఒక పుస్తకమంత విషయం ఉంటుంది, ప్రతిపాదన రాసే అలవాటు ఉండదు. వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. కాలేజీ పిల్లలు అక్కడి నుంచి వెళ్లి మాస్టర్ల దగ్గర కూర్చుని రాసుకునే ఏర్పాటు ఉంటే ఆ గండం గట్టెక్కవచ్చు.

ఇక ఒళ్లు. సిమెంటు గచ్చు మీద, బండల మీద పదిహేనేళ్లు పాదం కొట్టినవాళ్లకు ముప్పై అయిదు దాటేసరికి మడమ, మోకాలు, నడుం మాట్లాడటం మొదలుపెడతాయి. కింద చెక్క పరిచిన హాళ్లు ఊళ్లో లెక్కకు కూడా దొరకవు. 2024 నవంబరులో హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకుంది, ఇప్పుడు మంచి వేదిక ఉంది. కానీ ఒళ్లు అరిగేది వేదిక మీద కాదు, రోజూ ప్రాక్టీస్ చేసే మేడ మీద. నొప్పి వచ్చాక మాస్టర్ కుర్చీలో కూర్చుని నోటితో చెబుతాడు, పెద్ద పిల్లతో ఆడించి చూపిస్తాడు. ఆ పెద్ద పిల్ల పది తర్వాత మానేస్తే మళ్లీ లేవాల్సిందే.

అరవై దాటిన కళాకారులకు కేంద్రం ఇచ్చే ఆర్థిక సహాయం నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయలు. దానికి ఏడాది ఆదాయం 72,000 మించకూడదు. ఇరవై మంది పిల్లలకు నెలకు 500 చొప్పున పాఠం చెప్పే 62 ఏళ్ల మాస్టర్‌కు ఏడాదికి వచ్చేది 1,20,000. ఆ సహాయానికి దరఖాస్తు పెట్టాలంటే ఆయన ముందు బ్యాచ్‌లో ఎనిమిది మందిని మానిపించాలి.